ఓడ కెప్టెనూ, గూడ్సు గార్డూ

డ్యూటీ దిగివచ్చిన మల్లేశ్వరరావు పెరట్లో నిలబడి పళ్ళు తోముకుంటుంటే తల్లి వరహాలమ్మ మెల్లగా పక్కకి చేరింది. ఆవిడ అలా చేరిందంటే ఎవరి మీదో చాడీ సిద్ధంగా ఉందన్నమాటే.

"చెప్పకూడదు గానీ నాయనా," అని మొదలుపెట్టింది. చెప్పకూడదంటూ మొదలెట్టిన మాటని ఆవిడ చెప్పకుండా ఆపిన పాపాన ఏనాడూ పోలేదు.

సంగతేమిటంటే, మనవరాలు బడికి వెళ్ళగానే కోడలు గంగాభవాని ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. అందులో ఎవడో తెల్లదొర వస్తాడు. వాడు ఏదో అడుగుతాడు, ఈవిడ తనలో తనే నవ్వుకుంటుంది. మొన్నయితే వాడు అందులో ఉన్న బొమ్మపిల్ల చెయ్యి పట్టుకుని ముద్దు కూడా పెట్టేడు. వరహాలమ్మ ఇదంతా వంటింటి గుమ్మంలోంచి కళ్ళారా చూసింది.

"దొర బాగున్నాడురా. నీలాగ బొజ్జ నేదు," అని ముగించింది.

మల్లేశ్వరరావు నవ్వి నోరు పుక్కిలించాడు. కానీ ఆ బొజ్జ మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

కాఫీ తాగుతూ, ఏదో మాటవరసకన్నట్టు భార్యని అడిగాడు. ఆమె దాచలేదు. శంకర్ నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే తమ్ముడు అమ్మిరాజు మేనకోడలి చదువు కోసం తన పాత కంప్యూటర్ ఇచ్చాడు కదా, ఆ ఆట అందులోనే ఉంది. రేవు పట్నంలో ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్లని మనమే ఆడించాలి. ఓడ కెప్టెన్ ఒకడు సముద్రం మీదకి వెళ్ళి వస్తుంటాడు. వచ్చినప్పుడల్లా ఆమెని ఏదో ఒకటి అడుగుతాడు. ఆమె చెప్పింది గుర్తు పెట్టుకుంటాడు. మనసు కలిస్తే పెళ్ళి.

"పెళ్ళయిపోయిందా?" అన్నాడు మల్లేశ్వరరావు.

"ఇంకా లేదండీ. ముహూర్తం దగ్గర పడింది," అని ఆమె నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు.

అంత పెద్ద మనిషి, గూడ్సు బండి మొత్తం ఎవరి జెండా చూసి కదులుతుందో ఆ గార్డు, కంప్యూటర్‌లో బొమ్మని చూసి కుళ్ళుకుంటున్నాడంటే నలుగురూ నవ్వరూ? ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా కుళ్ళు ఆగలేదు. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా కూర్చున్నప్పుడల్లా, ఇప్పుడు వాడు రేవులో దిగుతూ ఉంటాడనుకునేవాడు. ఎర్రమట్టి నేలలూ ఫ్యాక్టరీ పొగలూ వెనక్కి పోతుంటే, ఆయన కళ్ళకి తెరచాపలే కనిపించేవి. ఇంటికి వచ్చేముందు మీసం కత్తిరించుకున్నాడు. ఒకసారి వేడి జిలేబీలు తెచ్చాడు. గంగాభవాని ఎంతో సంతోషించి, వాటిని పళ్ళెంలో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని తింది. ఆ రోజు మల్లేశ్వరరావు అన్నం సగంలో వదిలేశాడు.

చివరికి ఒక సెలవు రోజున తల్లీకూతుళ్ళు బజారుకి వెళ్ళడం చూసి, ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. వాడేమిటో, వాడి కథేమిటో తేల్చుకోవాలి.

ఆట ఎక్కడ ఆగిందో అక్కడే తెరుచుకుంది. ఓడ దిగి కెప్టెన్ వచ్చాడు. వరహాలమ్మ చెప్పింది నిజమే, బొజ్జ లేదు. టోపీ తీసి ఇంగ్లీషులో అడిగాడు. నేను సముద్రం మీద ఉన్న సాయంత్రాలు నువ్వేం చేస్తావో మొదటిసారి కలిసినప్పుడు చెప్పావు, ఇప్పుడూ అదే మాటా అని. కింద నాలుగు జవాబులు వచ్చాయి. స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్తాను. తలుపు గడియ వేసుకుని పడుకుంటాను. పాటలు పాడుకుంటాను. నీ ఓడకి కనిపించేలా దీపం పెడతాను.

మల్లేశ్వరరావు పెద్దగా ఆలోచించలేదు. పాడు చేద్దామని కూడా అనుకోలేదు. తన భార్య సంగతి తనకి తెలియదా? చీకటి పడితే చాలు, భయంతో పెరట్లో బల్బు వేసుకుని లోపల ముడుచుకుని కూర్చునే మనిషి. రెండో జవాబు నొక్కాడు.

కెప్టెన్ ముఖం వాడిపోయింది. నాకు తెలిసిన అమ్మాయి నువ్వు కాదని చెప్పి, ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆట అయిపోయిందని తెర మీద అక్షరాలు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే గంగాభవాని కూరల సంచితో లోపలికి వచ్చింది. తెర చూసింది. సంచి కింద పెట్టి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది. కళ్ళు నిండాయి. కూతురు అమ్మ ముఖమూ నాన్న ముఖమూ చూసి, నాయనమ్మ దగ్గరికి జారుకుంది.

ఆమె ఏడవడం చూసి ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "వాడి కోసమా ఏడుస్తున్నావు? నేను వారం రోజులు లైన్ మీదుంటే ఏనాడైనా ఒక్క చుక్క కార్చేవా?"

"ఏం జవాబిచ్చేరు?" అంది ఆమె.

"నువ్వు చేసేదే. తలుపేసుకుని పడుకుంటానని."

ఆమె పెరటి వైపు చెయ్యి చూపించింది. "పెరట్లో బల్బు ఎందుకేస్తాననుకున్నారు ఇన్నాళ్ళూ?"

"ఎందుకేటి, చీకటంటే భయం నీకు. పక్కా పిరికిదానివి."

"భయమైతే గదిలో వేసుకుంటాను గానీ పెరట్లో ఎందుకేస్తానండీ? మనం ఈ క్వార్టర్స్‌కొచ్చిన కొత్తలో మీరేగా చెప్పేరు. బండి ఈ వెనక నుంచే పోతది, బ్రేక్ వ్యాన్‌లోంచి మన పెరడు కనిపిస్తదని. అప్పట్నుంచీ వేస్తన్నాను. ఎన్నిసార్లు తిట్టి తీసేసేరో మీకు గుర్తుందా?"

ఆ బల్బు మల్లేశ్వరరావు చూడకపోలేదు. బండి కాలనీ దాటిన ప్రతిసారీ చూశాడు. చూసి, మా ఆవిడకి చీకటంటే హడల్ అని డ్రైవర్లతో చెప్పుకుని నవ్వాడు కూడా.

"వాడు బొమ్మే. నాకు తెల్దా?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "కానీ వాడు అడిగేడండీ. అడిగి, గుర్తు పెట్టుకున్నాడు."

ఇంతకాలం కెప్టెన్ మీద ఉన్న అసూయ ఒక్కసారిగా సిగ్గుగా మారింది. ఆయన ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. అమ్మిరాజుతో చెప్పి ఆట బాగు చేయిస్తానన్నాడు. అక్కర్లేదంది. మళ్ళీ మొదట్నుంచీ ఆడితే కెప్టెన్ వస్తాడు, ఈసారి ఆ జవాబులేవో మీరే నేర్చుకోండంది. ఆయన తల వంచుకుని, సంచిలోంచి దొర్లిపోయిన వంకాయలు ఏరసాగాడు.

మర్నాడు ఆయన మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం మసక చీకటి పడుతుండగా గంగాభవాని పెరట్లో బల్బు వేసి, గుమ్మంలో నిలబడింది. గూడ్సు బండి నెమ్మదిగా కాలనీ వెనక నుంచి సాగింది. బొగ్గు పెట్టెలన్నీ దాటిపోయాక చివరగా బ్రేక్ వ్యాన్ వచ్చింది. అందులోంచి ఒక ఆకుపచ్చ దీపం బయటకి చాచిన చేతిలో అటూ ఇటూ ఊగింది. స్టేషన్లకి చూపించాల్సిన దీపం అది. పెరళ్ళకి చూపించమని ఏ రూలూ లేదు.

గంగాభవాని గబగబా స్విచ్ తీసి, మళ్ళీ వేసింది.

"బల్బుతో ఆటలేటే?" అంది మంచం మీద నుంచి వరహాలమ్మ.

"ఆట కాదత్తా. మీ అబ్బాయి పలకరించేరు. పలుకుతన్నాను."