చివరి గడి

ఆ పైవాడి మీద భారం వేసి చెబుతున్నాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది మిట్టమధ్యాహ్నం జరిగింది. ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని గది. స్లైడ్ల బీరువాలు, ముక్కు మండించే జైలీన్ వాసన, గోడ గడియారం టిక్కుటిక్కు.

డాక్టరమ్మ మైక్రోస్కోపులో లాలాజల గ్రంథుల క్యాన్సర్ల పాత స్లైడ్లు చూస్తోంది. ముసలి టెక్నీషియన్‌ని ఆమె బాబాయ్ అంటుంది. ముందు ఆమె తన కంటికి కనబడింది చెప్పాలి, ఆ తరువాతే ఆయన రిజిస్టరులో చివరి గడి చదవాలి. ముందే తెలిస్తే కన్ను అబద్ధమాడుతుందని పెద్దడాక్టరు పెట్టిన కట్టుబాటు అది.

"నరం చుట్టూ పాకింది."

"ఆరేళ్లకు తిరగబెట్టింది. పోయాడు."

"నరం జోలికి పోలేదు."

"ఉన్నాడమ్మా. నాకన్నా గట్టిగా ఉన్నాడు."

క్యాన్సర్ నరాన్ని పట్టిన చోటల్లా స్లైడు గాజు మీద ఆకుపచ్చ సిరాచుక్క. అవి పెద్దడాక్టరు పెట్టినవి. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఆ సిరాబుడ్డి కూడా అప్పుడే ఎండిపోయింది.

ఆమె మనసు పాత స్లైడ్ల మీద లేదు. పొద్దున కోసిన కొత్తది పక్కనే ఉంది. సొంత అక్కది. చెవి కింద లాలాజల గ్రంథిలో గడ్డ, మొన్న ఆపరేషన్ చేసి తీశారు. నరం జోలికి పోకపోతే చేసిన ఆపరేషన్‌తో సరి. పోయి ఉంటే రేడియేషన్ పెట్టాల్సిందే, లేదంటే ఏళ్ల తరువాతైనా తిరగబెడుతుంది. అయినవాళ్లది చూడకూడదంటారు. కానీ ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. పై వరండాలోంచి అక్క, ఇంటికెప్పుడు పంపుతావే అని అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసింది.

మూలమూలా చూసింది. శుభ్రంగా ఉంది.

"దేవుడున్నాడు బాబాయ్," అంటూ సంతకానికి కలం తీసింది. స్లైడు పక్కన పెట్టబోతే... వేలికి తడి.

ఆకుపచ్చ చుక్క.

"నువ్వు పెట్టావా?" గుసగుసగా అడిగింది.

"ఆ రంగే లేదు కదమ్మా మన దగ్గర."

చుక్క కింద చూసింది. ఏమీ లేదు. మళ్లీ చూసింది. లేదు. గడియారం ఎప్పుడాగిందో... వెనకాల ఎవరో కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇద్దరూ వెనక్కి తిరగలేదు.

"మైనపు దిమ్మలో ఉన్న గడ్డని... ఇంకా లోతుగా కొయ్యి బాబాయ్."

కోసి, రంగు వేసి కొత్త స్లైడు తెచ్చేసరికి గంట దాటింది. సరిగ్గా ఆ చుక్క ఉన్నచోటే సన్నటి నరం. చుట్టూ ఉంగరంలా క్యాన్సర్ కణాలు.

"నరం చుట్టూ పాకింది." అలవాటుగా అనేసింది.

అంతే అలవాటుగా బాబాయ్ వేలు అక్క పేరు మీంచి చివరి గడికి జారింది. మనిషి ఏమయ్యాడో తేలాక, ఏళ్ల తరువాత నింపే గడి అది. అక్క పేరు ఎక్కించింది ఆ పొద్దునే.

వేలు ఆగింది. చటుక్కున గడిని అరచేత్తో కప్పేశాడు.

"ఏముంది బాబాయ్?"

చెయ్యి తీశాడు. గడి ఖాళీ. కాగితం మాత్రం తడిగా ఉంది. గడిలోది అరచేతికి అంటుకున్నట్టు కుడి గుప్పిట బిగించుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు...

అక్క రేడియేషన్‌కి ధైర్యంగానే వెళ్లొస్తోంది. బాబాయ్ మాత్రం ఇప్పటికీ టీ ఎడంచేత్తోనే అందుకుంటాడు. కుడి గుప్పిట ఒక్కసారి విప్పమని ఆమె బతిమాలితే ఒకటే మాట.

"ముందే తెలిస్తే కన్ను అబద్ధమాడుతుందమ్మా."

ఆ గొంతు మాత్రం... బాబాయ్‌ది కాదు.