పెద్దల్లుడికి వచ్చే మెయిళ్ళు

చిన్నల్లుడికి తోడల్లుడంటే ఒళ్ళుమంట. మనిషి పోయి ఏడాదైనా పేరు పోలేదు మరి. ఇంట్లో అత్తగారు "మా పెద్దల్లుడైతేనా..." అని అందుకుంటే వంటింట్లో గిన్నెలు కూడా ఊ కొట్టేవి. ఆఫీసులో ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన చూసిన సర్వర్లే చూస్తున్నా, మేనేజరుదీ అదే పాట.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక సర్వర్ల గదిలో చేరాడు. బయట వాన. లోపల ఏసీ చలి, వేడెక్కిన వైర్ల వాసన, ఫ్యాన్ల రొద. పని చిన్నదే. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసు మెయిళ్ళు గడప దాటింది లేదు, లోపలివి లోపలే తిరిగేవి. ఇప్పుడు ఆ సర్వర్‌ని ఇంటర్నెట్‌కి కలపాలి. పోయేవి పోవాలి, వచ్చేవి రావాలి.

కలిపాడు. లేవబోతుంటే పెద్దల్లుడి మెయిల్ అకౌంటు కంటబడింది. ఇంకా ఎవరూ తీసెయ్యలేదు. తీసేస్తే సరిపోయేది. కడుపుమంట ఊరుకుంటుందా? ఆయన్ని ఇంకా ఎవరెవరు పొగుడుతున్నారో చూడాలనిపించింది. ఆయనకొచ్చే ప్రతి మెయిలూ తనకే మళ్ళేలా పెట్టాడు.

"ఇక నీకేం మిగల్లేదు అన్నయ్యా," అన్నాడు నవ్వుతూ.

వెంటనే ఒక మెయిల్ పడింది. వదిన రాసింది, పోయిన మొగుడికి. "నిన్న వచ్చి మంచం చివర కూర్చున్నారు, పలకలేదు. ఈ రాత్రి కూడా రండి. తలుపు వెయ్యను."

పిచ్చిది, అనుకున్నాడు. పోయినవాడి మీద ఇంత ప్రేమా... బతికున్న తనకి పెళ్ళాం ఏనాడైనా ఒక్క ముక్క రాసిందా?

అప్పుడు బయటికి వెళ్ళే వరుసలో ఇంకో మెయిల్ కదిలింది. గదిలో ఎవరూ లేరు. కీబోర్డు ఎవరూ ముట్టలేదు. పంపింది... పెద్దల్లుడు.

"ఈ రాత్రి రాలేను. నావన్నీ తమ్ముడు తీసుకుంటున్నాడు. నేను అతనివి తీసుకుంటా."

చప్పున ఇంటర్నెట్ వైరు పీకేశాడు. మెయిల్ అప్పటికే వెళ్ళిపోయింది. ఇంటికి ఫోన్ చేశాడు.

అత్తగారు ఎత్తారు. వెనక నవ్వులు. అందులో భార్య నవ్వు... విని ఎన్నాళ్ళైందో.

"అత్తయ్యగారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఇంటికెవరొచ్చారు?"

"మా పెద్దల్లుడు బాబూ. ఇంత వానలో వచ్చాడా, ఒంటిమీద చుక్క పడలేదు. ఇంతకీ నువ్వెవరు?"

"నేను... చిన్నల్లుణ్ణి."

"అలాంటి పరాచికాలు ఆడకు నాయనా. మా చిన్నల్లుడు పోయి ఏడాదైంది. బంగారంలాంటి మనిషి. అలాంటి అల్లుడు మళ్ళీ దొరుకుతాడా."

తన గురించి ఆవిడ నోట ఒక మంచి మాట వినడం అతనికి అదే మొదటిసారి. ఫోను పెట్టెయ్యలేదు. ఇంకో మాట అంటుందేమోనని, ఆ చలిలో, అలాగే చెవి ఒగ్గి కూర్చున్నాడు...