గవర్రాజుకు చాలని తొట్టి

ఇడ్లీపాత్ర దించుతుండగా వంటింటి గోడ జానెడు ముందుకు వచ్చి మాణిక్యాంబ మోచేతికి తగిలింది. చేప తొట్టికి చోటు కావలసి వచ్చిందన్నమాట. ఆమె పొయ్యిని ఇవతలికి లాక్కుని, గోడకేసి ఓ చూపు చూసి ఊరుకుంది. గోడతో ఎవరు మాత్రం పోట్లాడగలరు?

కాకినాడ మేడల్లోకి జరుగుగోడలు వచ్చి ఏడేళ్ళయింది. ఇంట్లో ఎవరికెంత చోటు కావాలో వాటిని జరిపే సర్దుమర అనే యంత్రం చూసుకుంటుంది. పసిపిల్ల పెద్దదైతే గది పెరుగుతుంది, చుట్టాలు వెళ్ళిపోతే తగ్గుతుంది. పెద్ద చేపలు పెంచుకునేవాళ్ళకైతే ఇది వరమే. ఇదివరకు వేలెడంత పిల్లను తెచ్చుకుని, అది బారెడు పొడవు పెరిగేసరికి ఏ కాలవలో వదలాలా అని తలపట్టుకునేవారు. తొట్టిని బట్టే చేప పెరుగుతుందని అంగడివాళ్ళు నమ్మబలికేవారు. ఇప్పుడు చేప ఎదిగేకొద్దీ తొట్టి అద్దాలే జరుగుతున్నాయి. నిండుగా ఎదిగిన ఎర్రతోక జెల్లకు పదహారు మూరల పొడవు, తోక వంచకుండా వెనుదిరగడానికి ఆరు మూరల వెడల్పు ఉండాలని చట్టం. మూరలూ జానలూ ఎందుకంటే, యంత్రం జనం మాటల్లోనే కొలవాలని పెద్దలు పట్టుబట్టారు. జనాన్ని అడిగి ఉంటే ఆ ముచ్చట అప్పుడే తీరిపోయేది.

ఈ ఇంటి జెల్ల పేరు గవర్రాజు. మాణిక్యాంబ తోటికోడలు హేమసుందరి కాపురానికి వచ్చిన కొత్తలో సీసాలో తెచ్చుకుంది. ఇప్పుడు నాలుగడుగులుంటాడు. పదిరోజులుగా మేత ముట్టకుండా మూలన పడి ఉంటున్నాడు.

మనుషుల సంగతీ అంతకంటే బాగాలేదు. అన్నదమ్ములిద్దరూ ఓడల మీద పనికి పోయి ఎప్పుడో గాని ఇంటికి రారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళిద్దరికీ రోజూ ఏదో ఒక రభస. గిన్నె తగిలించావని ఒకరు, తలుపు విసురుగా వేశావని ఇంకొకరు. ఇరుకుగా ఉందని ఎప్పుడు మొరపెట్టుకున్నా సర్దుమరది ఒకటే మాట: "చాలినంత చోటు ఉంది. సర్దుకోండి." చోటు చాలుతున్నప్పుడు తప్పు మనుషులదే కదా! చివరికి హేమ రేవు దగ్గర ఒంటిగది మాట్లాడుకుంది. ఈ సాయంత్రమే వెళ్ళిపోతుంది. అక్కడ గవర్రాజు పట్టడు కాబట్టి వాణ్ణి సర్కారు చెరువుకు పంపెయ్యాలి. వెళ్ళొద్దని చెప్పాలని మాణిక్యాంబకు గుండెలో ఉంది గానీ నోరు రావడం లేదు.

తొమ్మిదింటికి చేపల వైద్యుడు సోమలింగం వచ్చాడు. తొట్టి ముందు చతికిలబడి చాలాసేపు చూశాడు.

"జబ్బేం లేదమ్మా. తిరగలేకపోతన్నాడండి. తిరిగినప్పుడల్లా తోక అద్దానికి రాసుకుపోతంది. అదిగో, పుండు కూడా పడిందండి."

"ఆరు మూరలూ ఉందండీ వెడల్పు," అంది హేమ. "రోజూ మరని అడుగుతూనే ఉన్నాను."

"ఆయ్, ఉంటే ఎందుకు రాసుకుంటదండీ?"

చేపను తీసుకెళ్ళే పెట్టె చేయించడం కోసం ఆయన సంచిలో ఇనుప టేపు తెచ్చాడు. అలాంటిది ఇళ్ళల్లో కనబడక ఏళ్ళయింది. మర ఉండగా టేపెందుకని అందరూ పారేశారు. దాన్ని తొట్టికి అడ్డంగా పరిచాడు. ఆరు మూరలంటే తొమ్మిదడుగులు. టేపు ఏడడుగులు కూడా చూపించలేదు. ఇరవైనాలుగు అడుగులుండాల్సిన పొడవు పద్దెనిమిది దగ్గరే ఆగిపోయింది.

మాణిక్యాంబ కొంగు దోపుకుని తొట్టి అంచుకు మోచెయ్యి ఆనించింది. వేళ్ళు బారుగా చాపి కొలిస్తే అయిదు మూరలు కూడా రాలేదు. ఒక్క క్షణం ఆలోచించి, వేళ్ళు మడిచి మళ్ళీ కొలిచింది. ఇంచుమించు ఆరు!

"దీని దుంపతెగ! ఇది పూలమ్మే మూరండీ!"

"అంటే?" అన్నాడు సోమలింగం.

"చెయ్యి చాపి కొలవమ్మా అంటే వేళ్ళు ముడిచేసి కొలుస్తారు కదండీ బజార్లో! ముప్పయ్యేళ్ళుగా ఈ మూరతోనే దెబ్బలాడుతున్నాను. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

సోమలింగం గోడల కార్యాలయానికి ఫోను చేశాడు. అవతలివాళ్ళు కాసేపు గునిసి, ఆపైన ఒప్పుకున్నారు. మూర అంటే ఏమిటో యంత్రానికి నేర్పడానికి, జనం రోజూ మూరవేసే చోటే చూపిద్దామని నెలల తరబడి పూలబజారు చూపించారట. అది చూసిందే నేర్చుకుంది. కోతపడిన చోటు ఎక్కడికీ పోలేదు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉత్త సందుగా పడి ఉంది.

హేమ టేపు తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. తరువాత మాణిక్యాంబ గది, ఆ తరువాత వంటిల్లు. ఎక్కడ చూసినా నాలుగోవంతు తక్కువే. తిరిగివచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"మూరంటే అడుగున్నర," అని సోమలింగం మరకు ముమ్మారు గట్టిగా చెప్పాడు. కార్యాలయం నుంచి అనుమతి కూడా అందడంతో అది సరేనంది. గోడలు కదిలాయి. తొట్టి అద్దాలు దూరదూరంగా జరిగాయి, నీళ్ళు నిండాయి.

గవర్రాజు చాలాసేపు నమ్మలేదు. తరువాత మెల్లగా మూల విడిచి వచ్చి, ఒళ్ళంతా చాచి, వెనుదిరిగాడు. తోక దేనికీ తగల్లేదు. మళ్ళీ తిరిగాడు. మూడోసారి తిరిగి, హేమ వేసిన రొయ్యను గుటుక్కున మింగాడు. "హమ్మయ్య!" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

పుండుకు మందిచ్చి సోమలింగం వెళ్ళిపోయాడు. పెట్టెతో ఆయనకిక పని లేకపోయింది. తోటికోడళ్ళిద్దరూ వంటింట్లో నిలబడ్డారు. చెయ్యి చాపినా గోడ అందడం లేదు. ఏడేళ్ళలో ఊళ్ళో ఇలా విడిపోయిన కాపురాలెన్నో, అలిగి వెళ్ళిపోయిన వాళ్ళెందరో ఏ మరా లెక్కపెట్టలేదు.

"సామాన్ల బండివాణ్ణి రావద్దని చెప్పేదా అక్కా?" అంది హేమ, నేలకేసి చూస్తూ.

మాణిక్యాంబ గబగబా తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ నేనొట్టి గయ్యాళిదాన్నే అనుకున్నానే హేమా."

"నేనూ అదే అనుకున్నానక్కా," అనేసి హేమ నాలుక్కరుచుకుంది.

మాణిక్యాంబ ఆమెకేసి గుడ్లురిమి చూసింది. ఆ తరువాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ఇంట్లో అంత నవ్వు పట్టడం అదే మొదటిసారి.