పొన్ను వేసిన బాణాలు

“ఏంది, నవ్వుతున్నవ్? పని చేసేది లేదంటే చెప్పు, పోత.”

రామతులసి నాతో అన్న మొదటి మాట ఇది. ఛత్తీస్‌గఢ్ గనుల ఊరు కిరండూల్‌లో నేను పనిచేసే వర్క్‌షాపు గుమ్మంలో, వానకి తడిసి, భుజాన వెదురు విల్లు, చేతిలో కొస చీలిన కార్బన్ బాణంతో నిలబడి అంది.

“నవ్వక ఏటి సేస్తాను? పంచె మీద టై కట్టినట్టుంది నీ యవ్వారం,” అన్నాను, లేత్ మిషన్ ఆపి.

“పోటీల విల్లు పాతకాలందే ఉండాలె. బాణం ఏదైనా నడుస్తది. రూల్ నీకెరుకా?”

“ఎరగను.”

“మరి నోరు మూసుకొని చూడు. రాయికి తగిలితే కొస చీలుతది. ఏమన్న చేస్తవా?”

నోరు మూసుకుని చూశాను. బాణం కన్నా ఆమెనే ఎక్కువ చూశాను. ఆ సంగతి ఆమె కూడా గమనించింది.

రోకలి చీలకుండా చివర ఇనప పొన్ను వేస్తారు కదా, అదే ఉపాయం. కేబుల్ వచ్చాక మూలపడిన టీవీ యాంటెన్నా గొట్టంలోంచి అంగుళం ముక్క కోసి, లోపల కొంచెం తొలిచి, బాణం కొసకి తొడిగి జిగురుతో అతికించాను. అల్యూమినియం కనుక బరువు పెద్దగా పెరగలేదు. ఆమె గుట్ట కింది బండకేసి గురిపెట్టి వదిలింది. బాణం తగిలి ఎగిరిపడింది కానీ చీలలేదు.

“సచ్చీ, నిజంగనే!” అని సగం హిందీలో అరిచి నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బతో నా పనైపోయింది.

ఆరు బాణాలకీ పొన్నులు వేశాను. ఆ కాస్త కొస బరువుకి చెయ్యి అలవాటు కావడానికి ఆమెకి నెల పట్టింది. బీజాపూర్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ చుట్టాలింట్లో ఉంటోంది. నెలంతా సాయంత్రాలు గుట్ట దగ్గర బాణాలు ఏరుకొచ్చే ఉద్యోగం నాది. వానొస్తే ఇద్దరం ఒకే టార్పాలిన్ పట్టా కింద.

“జరుగు జర.”

“జరిగితే తడిసిపోతాను.”

“తడువు,” అనేది, పట్టా నావైపే లాగుతూ.

ఒకరోజు అంది. “ఈ పోటీల సెలెక్షన్ అయితే రాయ్‌పూర్ స్పోర్ట్స్ హాస్టల్. మూడేండ్లు. వచ్చేయేడు నాకు వయసు దాటిపోతది. ఇదే ఆఖరు.”

“మరి నానో?”

“నీకేమైంది? బస్సుల్లేవా?” అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. రాయ్‌పూర్‌లో ట్రాక్‌సూట్ కుర్రాళ్ళుంటారు. నా గోళ్ళలో చూస్తే గ్రీజు.

పోటీకి నాలుగు రోజుల ముందు మూడు బాణాలు తెచ్చింది. బండలకి తగిలి తగిలి పొన్నులు నొక్కుకుపోయాయి.

“అచ్చం గట్లనే వెయ్యి. బరువు రవ్వంత పెరిగినా బాణం కిందికి పోతది. నేను ఊరికి పోయి, పోటీ పొద్దున అయ్యతోని జగదల్‌పూర్ వస్త. నువ్వు బాణాలు పట్టుకొని రా.”

యాంటెన్నా గొట్టం అయిపోయింది. మా ఇంటి మీద ఇంకొకటి ఉంది. ఎక్కి దింపితే పది నిమిషాల పని. ఎక్కలేదు. షాపులో ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్నే అదే కొలతకి తీసి, తేడా తెలియకుండా మెరుగు పెట్టాను. అల్యూమినియం కన్నా స్టీలు మూడు రెట్లు బరువని అయిదేళ్ళు లేత్ మీద బతికినవాడికి ఒకరు చెప్పాలా? గట్టిగా ఉంటుంది, ఆమె మంచికేలే అనుకున్నాను. దొంగకి సాకులు కొదవా!

జగదల్‌పూర్ మైదానంలో మొదటి మూడు బాణాలూ నడిమి పసుపు వలయంలో దిగాయి. తర్వాతి మూడూ, నా స్టీలువి, కిందికి జారాయి, ఒకటి గడ్డిలో పడింది. రెండో వరసలో ఆమె గురి ఎత్తింది. ఈసారి అల్యూమినియంవి పైనుంచి పోయాయి. ఆపైన తన చేతినే నమ్మలేకపోయింది. సెలెక్షన్ జాబితాలో ఆమె పేరు లేదు.

బస్టాండులో వాళ్ళ అయ్య రామనర్సయ్య గారు టీ తేవడానికి వెళ్ళారు. ఆమె రెండు అరచేతుల్లో ఒక్కో బాణం పెట్టుకుని తూచింది.

“ఇది బరువుంది. నీకెరుకేనా?”

గొట్టం అయిపోయిందని చెప్పొచ్చు. సగం నిజమే.

“ఎరికే,” అన్నాను.

“ఎరికుండే వేసినవా?”

“నువ్వెళిపోతావని బయమేసింది తులసీ. నువ్వంటే నాకు పేనం.”

నెలంతా చెప్పకుండా దాచుకున్న మాట, బయటపడడానికి ఈ రోజే దొరికింది.

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

“గీ మాట మొన్న చెప్తే ఏం పోయేది?” అంది. “అయ్యను ఎందుకు తోలుకొచ్చిన అనుకున్నవ్? పోటీ చూపెట్టనీకా? నిన్ను చూపెట్టనీకి. గెలిచినంక చెప్దామని ఆగిన.”

రామనర్సయ్య గారు మూడు టీ గ్లాసులతో వచ్చి నా వంక చూశారు.

“గీ పిలగాడెవరు బిడ్డా?”

“బాణాలు బాగుచేసేటాయన, అయ్యా. ఇగ పోతడు.”

ఆమె విల్లు తీసుకుని బీజాపూర్ బస్సు వైపు నడిచింది. ఆయన ఒక గ్లాసు నా చేతిలో పెట్టారు.

“ఓడితే ఓడింది, నువ్వేం చేస్తవ్. ఊరుగాని ఊర్ల నా బిడ్డకు ఇంత సాయం చేసినవు,” అని నా తల మీద చెయ్యి వేశారు. “సల్లగుండు కొడుకా.”

రామతులసి అప్పటికే బస్సెక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.