చివరి పేజీ పంతులు

నలభై ఒకటో నెంబరు ఖైదీ నిజానికి ఏజెంటని జైల్లో తెలిసిన మనిషి ఒక్కడే, సూపరింటెండెంట్. బుధవారం పొద్దున ఆయన టీ తాగి కుర్చీలోనే చచ్చిపోయాడు.

ఇక ఏజెంటు ఉత్త ఖైదీ. వాచీ ట్రాన్స్‌మిటర్, పెన్ను కెమెరా గేటు దగ్గరే సంచిలో పడ్డాయి. మిషన్ మాత్రం మిగిలింది. విదేశీ ముఠా గుట్టు తెలిసిన సాక్షిని రేపు వెనక గేటు నుంచి కోర్టుకు తీసుకెళతారు. ఆ మాట బయటికి పొక్కితే సాక్షి బతకడు.

బయటికి కబురు పంపడానికి మిగిలిన దారి లైబ్రరీ. చిరిగిన పుస్తకాలు బైండింగుకని మేడమ్ బుధవారం ఐదింటికి వస్తుంది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. చీఫ్ పంపిన మనిషి.

నాలుగున్నర. లైబ్రరీ చూసే యావజ్జీవ ఖైదీ వేలు పెట్టి చదువుతున్నాడు. అరవయ్యో ఏట అక్షరాలు నేర్చాడు గనక అందరూ పంతులంటారు. ఖైదీలు బీడీలు చుట్టుకోవడానికి చింపిన చివరి పేజీలన్నీ ఆయనే రాసి అతికిస్తాడు. కథ తెలియకపోతే తోచింది రాస్తాడు.

"బాబూ, ఇలా రా. నా పేజీకి అమ్మవారు పోసింది."

అక్షరాల కింద సన్నని చిల్లులు. ఇంజెక్షన్ సూదివి. ఏజెంటు కూడబలుక్కుని చదివాడు. రే, పు, వె, న, క, గే, టు.

జైలు ఆస్పత్రి కాంపౌండర్. టీలో విషం కలిపిందీ వాడే.

"ఈ పుస్తకం ఎవరు తీసుకుంటారు?"

"మేడమే. వారం వారం బైండింగంటుంది. నేను అతికించాక దానికి చిరుగే లేదు."

మన మనిషే వాళ్ల మనిషి.

"పేజీ చింపెయ్."

"మనిషిని చంపాను గానీ పేజీ చింపలేదు బాబూ."

"అయితే మళ్లీ రాయి. వెనక వద్దు, ముందు అని రావాలి. ముందు గేటు పక్కనే గార్డుల బ్యారక్."

పంతులు గది నాలుగు గోడలూ చూశాడు. "పట్టుబడితే దీనికి తాళం పడుద్ది. నాకున్నదిదే."

"తెలుసు."

పంతులు వేలు తడిచేసి అతుకు ఊడదీశాడు.

"హీరోని ముందుకు నడిపించు."

"వాడు చచ్చాడుగా."

"బతికించు."

ఒక్కో అక్షరం. ఐదుకు మూడు నిమిషాలే ఉంది. ఏజెంటు కుట్టుసూది మొనతో పొడిచాడు. వరండాలో సెంటు వాసన.

మేడమ్ చివరి పేజీ తడిమింది. "తడిగా ఉందే?"

"జిగురు ఊడితే అంటించానమ్మా."

ఆమె ఏజెంటు వైపు వంగింది. "చీఫ్‌కి ఏమైనా చెప్పాలా?"

"ముగింపు బాగుందని చెప్పండి."

మర్నాడు ముందు గేటు దగ్గర తచ్చాడుతున్న ముఠా మనుషులు నలుగురు సంచుల్లో చేతులు పెట్టేలోపే బ్యారక్‌లోంచి ఎనభైమంది గార్డులు వచ్చి చుట్టుముట్టారు. సాక్షి వెనక గేటు నుంచి కోర్టుకు చేరాడు. నలుగురిలో ఒకడు నోరు విప్పాడు. సాయంత్రానికి కాంపౌండర్, మేడమ్ లోపలున్నారు.

ఏజెంటు విడుదల కాగితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ అతను పంతులు రాసిన ముగింపులే చదివాడు.

అతను వెళ్లే రోజున ఆడవాళ్ల బ్యారక్ నుంచి చీటీ వచ్చింది. మేడమ్‌కి చదువుకోవడానికి పుస్తకం కావాలట. అడిగినవాళ్లకు లేదనడం పంతులుకు చేతకాదు. ఆ పుస్తకమే పంపాడు.

ముందుగా ఆమె తలపిన్నులు తెప్పించుకున్నాడు.