నేనొచ్చి అడిగినా ఇవ్వకండి

తెల్లారేసరికే కోడలు వంటింటి అలమరలన్నీ ఖాళీ చేసి, ఉన్న గిన్నెలన్నీ తోమి బోర్లించి, కిటికీ అద్దాలు కడుగుతూ కనిపించింది. అత్తగారు టీ తాగుతూ మురిసిపోయింది. ఆవిడ మురిసిపోవడం అరుదు. మామూలుగా ఇంకొకరి పనికి వంకలు పెట్టడమే ఆవిడ చేసే పని.

"చూశావట్రా, మందులు మానేశాక ఎంత చురుగ్గా తయారైందో! ఇన్నాళ్లూ ఆ బిళ్లలే దాన్ని మొద్దులా చేశాయి" అంది కొడుకుతో.

కొడుకు టైల్స్ షోరూంలో మేనేజరు. స్నానాలగది గచ్చు గురించి అడిగితే గంటసేపు చెప్పగలడు. భార్య గురించి అడిగితే మాత్రం తల్లి మాటే ఆయన మాట. ఫోన్‌లోంచి తలెత్తకుండానే అవునన్నాడు.

ఆ మందులు ఊరికే మానలేదు. కూతురు గువ్వ పుట్టాక కోడలికి మనసు అదుపు తప్పే జబ్బు వచ్చింది. డాక్టరు బిళ్లలు రాసిచ్చి, ఒక్క పూట కూడా మానొద్దని మరీ మరీ చెప్పాడు. వాటితో ఆమె అందరిలాగే ఉంది, చేతులు మాత్రం కాస్త వణికేవి. ఇప్పుడు చిన్న ఆడపడుచుకి పెద్దింటి సంబంధం వచ్చింది. ఆదివారం వాళ్లు ఇంటికొస్తున్నారు. వదినగారు టీ అందిస్తుంటే కప్పులు గలగలమంటే వాళ్లేమనుకుంటారు? ఇంట్లో పిచ్చి ఉందనుకోరూ? ఈ మహా సమస్య మీద ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడి, చెయ్యి వణక్కుండా ఉంటే చాలు, బుర్ర ఏమైపోయినా ఫరవాలేదని తేల్చారు. బిళ్లలు తీసి చెత్తబుట్టలో పడేసింది మేనేజరే.

ఆయన షూ వేసుకుంటుంటే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"ఏమండీ, నాకు నిద్రే పట్టడం లేదు. అలసటా లేదు. నిన్న గువ్వని మేడమీద పిట్టగోడ ఎక్కించి ఊరంతా చూపిద్దామనిపించింది. అది తప్పని కూడా అనిపించలేదండీ. దాన్ని ఎత్తాను కూడా. అది ఏడ్చింది కాబట్టి ఆగాను. నాకు భయంగా ఉంది."

"ఆదివారం దాకా ఓపిక పట్టు. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడాయన.

లేసులు మాత్రం చక్కగా బిగించుకుని వెళ్లిపోయాడు. కొంప అంటుకున్నా ముందు చుట్టాలొచ్చి వెళ్లాలనే రకం.

ఆమె గువ్వని తీసుకుని బడికి వెళ్లింది. గువ్వకి నాలుగేళ్లు. పిల్లని తరగతిలో కూర్చోబెట్టి, తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లింది.

"సాయంత్రం నేనొచ్చి అడిగినా మా పిల్లని నాకివ్వకండి. ఏడ్చినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా ఇవ్వకండి. అప్పటికి నేనెలా ఉంటానో నాకే తెలీదు."

పిల్లని ఇవ్వలేదని పోట్లాడిన తల్లుల్ని హెడ్మిస్ట్రెస్ చాలామందిని చూసింది గానీ, ఇవ్వొద్దని బతిమాలిన తల్లిని చూడలేదు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికల్లా కబురందుకుని కుటుంబమంతా ఆ ఆఫీసులో దిగింది. పెద్దకొడుకు వకీలు కాబట్టి ముందు నడిచాడు. ఆయన ఇంట్లోవాళ్లకి సలహాలు ఉచితంగా ఇస్తాడు, పైగా ఎవరూ అడక్కపోయినా ఇస్తాడు. గువ్వని పక్కగదిలో ఉంచారు. కోడలు ఓ మూల బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను పలకరించినవాళ్లు లేరు. పరువు బజారున పడేసిందని అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంటి పిల్లని మాకు ఇచ్చెయ్యండి, ఇది మా ఇంటి గొడవ అని వకీలు దబాయించాడు.

అధికారిణి వయసు మళ్లిన మనిషి. అరిచేవాళ్లని చూసి చూసి ఆమెకి అలవాటైపోయింది. మందులు ఎందుకు ఆగాయని అడిగింది.

అత్తగారు కోడలి వైపు చూసింది. మేనేజరు గోడ వైపు చూశాడు. ఆవిడే మానేసి ఉంటుందని వకీలు తడుముకోకుండా చెప్పాడు. చట్టప్రకారం తల్లి మేజరు, ఆమె చేసినదానికి ఆమెదే బాధ్యత అన్నాడు. జబ్బుమనిషి కాబట్టి ఆమెది కాదంటే, సరిగ్గా చూడని డాక్టరుది. ఎటు తిప్పినా తన వాళ్లది కాదు. అంత చదువూ ఇందుకే చదివినట్టున్నాడు.

"ప్రమాదం ఉందని తెలిసీ ఊరుకున్న పెద్దవాళ్లు కూడా జవాబు చెప్పాలి వకీలుగారూ" అంది అధికారిణి. "సరే, అది తర్వాత. పిల్ల ఈ రాత్రి ఎక్కడుండాలి? మీలో ఒకరు ముందుకు రండి. పిల్లని తల్లితో ఒంటరిగా వదలనని, తల్లికి వైద్యం చేయిస్తానని, ఏదైనా జరిగితే నాదే పూచీ అని చెప్పండి. లేదంటే పిల్లని ప్రభుత్వ పిల్లల హోంకి పంపుతాను."

అప్పటిదాకా మా పిల్ల, మా పిల్ల అని హోరెత్తించిన నోళ్లు ఠక్కున మూతపడ్డాయి. అత్తగారికి ఉన్నట్టుండి మోకాళ్లు నొప్పిపుట్టాయి. వకీలుకి కోర్టు గుర్తొచ్చింది. మేనేజరు ఫోన్‌లోకి తల దించాడు.

ఇంతలో పక్కగదిలోంచి గువ్వ పరుగెత్తుకొచ్చింది. అంతమందిలో తల్లినే వెతుక్కుని, ఆమె ముందు నిలబడి ఎత్తుకోమని చేతులు చాచింది. ఆమె ఎత్తుకోలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద గట్టిగా కూర్చుంది. ఆ చేతులు ఇప్పుడు వణకడం లేదు. ముఖమంతా వణుకుతోంది.

"నా దగ్గరికి వద్దమ్మా. నాన్న దగ్గరికి వెళ్లు" అంది.

పిల్ల వెళ్లలేదు. నాన్న తనని ఎత్తుకుంటాడని ఆ పిల్లకి నమ్మకం లేదు. తల్లి మోకాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి మాత్రం చేతులు బయటికి తియ్యలేదు.

మేనేజరు అది చూశాడు. పొద్దున్న ఆమె చెప్పిన పిట్టగోడ అప్పుడు కనిపించిందాయనకి. దాని మీద గువ్వ కనిపించింది. కింద రోడ్డు కనిపించింది. అధికారిణి బల్ల దగ్గరికి నడిచాడు.

"బిళ్లలు పారేసింది నేను మేడమ్" అన్నాడు. "నిన్న జరిగింది పొద్దున్న నాతో చెప్పింది. ఆదివారం దాకా ఆగమన్నాను. పూచీ నాది. రాసుకోండి."

వకీలు తమ్ముడి మోచెయ్యి గిల్లాడు. "నోర్ముయ్ రా. నేరం ఒప్పుకున్నట్టవుతుంది."

"ఒప్పుకుంటున్నానన్నయ్యా."

"మరి ఆదివారం?" అంది అత్తగారు. ఆవిడ బుద్ధి అంతవరకే.

ఆయన వెళ్లి గువ్వని ఎత్తుకున్నాడు. అలవాటు లేని పని, పిల్ల కాలు ఆయన చొక్కా జేబులో ఇరుక్కుంది. పిల్ల గింజుకుంది. తర్వాత అలిసిపోయి భుజం మీద తల వాల్చింది. ఆయన ఏడుస్తూ భార్య ముందు నిలబడ్డాడు.

ఆమె పిల్ల వైపు చూసింది. ఆయన చేతులు పిల్ల చుట్టూ గట్టిగా ఉన్నాయో లేదో చూసింది. అప్పుడు తన చేతులు బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దాన్ని వదలరుగా?" అని అడిగింది.

"వదలను."

"అయితే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇక నేను పడుకుంటాను."