గట్టు చివరిదాకా

“ఏవండీ... విన్నారా! మీ కూతురు కొల్లేట్లో ఒక్కత్తే కూర్చుంటుందట! గుడ్డ గుడారంలో... చుట్టూ నీళ్ళు... పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా కదలకుండా, మెదలకుండా! అది పిల్లా, పీటా?”

రబియా అట్లకాడ ఊపుతూ వంటింటి గుమ్మంలో నిలబడింది. వెనక పెనం మీద రొట్టె మాడి, పొగ వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసింది. అబ్దుల్ మజీద్ మాత్రం టీ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. ఏలూరులో ఆటోలకు హుడ్లు, సీట్లు కుట్టే దుకాణం ఆయనది. సూదికి చెప్పినన్ని మాటలు పెళ్ళానికి చెప్పడని రబియా ఎప్పుడూ దెప్పుతూనే ఉంటుంది.

ఆయన ఎదురుగా కుర్చీలో రబియా అన్నయ్య జుబేర్. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. తన కొట్లో కంప్యూటర్ పని చూడడానికి మేనకోడలు మెహర్ రేపటినుంచే రావచ్చని చెప్పడానికి, పొద్దున్నే రైలెక్కి వచ్చాడాయన. అంతా సంతోషంగా టీలు తాగుతుంటే, ఆ పిల్ల ఇలా పిడుగు వేసింది!

“నేను చేరను మామూ,” అంది మెహర్ తలవంచుకునే, కానీ గట్టిగా. “కర్ణాటకలో అడవి పక్కన ఒక శిక్షణ కేంద్రం ఉంది. జంతువుల మీద, పక్షుల మీద సినిమాలు తీయడం ఏడాదిపాటు అక్కడే ఉంచి నేర్పుతారు. మొదటి వడపోతలో నేను నెగ్గాను. ఇంక ఒక్కటే మిగిలింది. ఒక పిట్ట గూడును నేనొక్కదాన్నే దగ్గరుండి వీడియో తీసి, నెలాఖరులోగా పంపాలి. అది నచ్చితేనే సీటు.”

“పెళ్ళి వీడియోలు తీసినా కాస్త బిర్యానీ పెడతారే తల్లీ! పిట్టలేం పెడతాయి?” అన్నాడు జుబేర్.

“గుడ్లు పెడతాయి మామూ!”

మజీద్ పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాడు. రబియాకు మాత్రం నవ్వెక్కడిది! ఆమె కళ్ళముందు అప్పుడే కూతురు నీళ్ళలో మునిగిపోయింది, పాము కరిచేసింది, పిడుగు పడిపోయింది...

పాపం, ఆ తల్లి భయం ఈనాటిది కాదు! మెహర్ ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల... అద్దాలపెట్టెలో గొట్టాల మధ్య ఊపిరి తీస్తుంటే, ఆ అద్దం మీద చెయ్యి ఆనించి “యా అల్లా, నా ఊపిరి తీసి దీనికి పొయ్యి” అని ఏడ్చిన తల్లి రబియా. ఆనాటినుంచి ఈనాటిదాకా, డిగ్రీ చదివిన పిల్ల పక్కన నిద్రపోతుంటే కూడా, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోకుండా కన్ను మూయదు! కాలేజీ నుంచి వచ్చే ఆటో కాస్త ఆలస్యమైతే వీధి చివర నిలబడి ఉండేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ! పోగొట్టుకునే భయం ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు!

“సరే... మీ అబ్బా ఎలాగూ వద్దనరు,” అంది రబియా కొంగుతో కళ్ళొత్తుకుంటూ. “కానీ నేనూ వస్తాను. నువ్వెక్కడుంటే అక్కడ!”

కూతురు వద్దంటుందనుకుంది రబియా. కానీ మెహర్ ముఖం వెలిగిపోయింది!

“రా అమ్మీ! అసలు నాకింకో మనిషి కావాలి. పిట్టలకి లెక్క రాదు కదా! మనిద్దరం కలిసి గుడారం దాకా నడుస్తాం. మనల్ని చూసి పిట్ట ఎగిరిపోతుంది. నేను లోపల దూరతాను. నువ్వు దానికి బాగా కనబడేలా గట్టు చివరిదాకా నడిచి వెళ్ళిపోవాలి. వచ్చినవాళ్ళు పోయారనుకుని అది మళ్ళీ గుడ్లమీదికి వస్తుంది. నీ పని అదే.”

“నా పని... నిన్ను వదిలేసి వెళ్ళిపోవడమా?”

“అవునమ్మీ. వెనక్కి తిరక్కుండా.”

రబియా వంటింట్లోకి వెళ్ళి, మాడిన రొట్టెను పెనం మీంచి గీకసాగింది...

మజీద్ దుకాణంలో పచ్చటి పట్టాగుడ్డతో గుడారం కుట్టాడు. కెమెరా కంటికి ఒక కంత, మనిషి కంటికి ఒక కంత. కైకలూరు దారిలో బస్సు దిగి లోపలికి నడిస్తే, మెహర్ ముందే మాట్లాడి పెట్టుకున్న పెద్దింటమ్మ అనే ఆవిడ వాళ్ళ పాత చేపల చెరువు ఉంది. చేపల పెంపకం కలిసిరాక వదిలేస్తే చెరువంతా తామర అల్లుకుపోయింది. ఆ తామరాకుల మధ్య, నాచు కుప్పమీద నాలుగు గుడ్లు. వాటిమీద పొడుగు తోక, సాలెపురుగు కాళ్ళలాంటి వేళ్ళున్న ఒక పిట్ట! దానికి అలవాటు కావాలని గుడారాన్ని ముందు దూరంగా వేసి, రోజుకు కాస్త దగ్గరకు జరిపింది పెద్దింటమ్మ.

“అదుగోనండి, ఆ కూకుంది మొగపిట్టండి!” అంది పెద్దింటమ్మ రబియాతో. “ఆడది గుడ్లు పెట్టేసి ఎల్లిపోద్ది. పొదిగేదీ, పెంచేదీ మొగుడే! మా ఆయన్ని రోజూ తీసుకొచ్చి చూపిత్తన్నా, ఒక్క ముక్క నేర్చుకుంటే ఒట్టు!”

“వదిలేసి పోయేది కూడా ఒక తల్లేనా!” అంది రబియా ఛీత్కారంగా.

మెహర్ గుడారంలోకి దూరింది. రబియా వెనక్కి తిరిగి గట్టుమీద నడవసాగింది. ఒక్కో అడుగూ మణుగు బరువు! చెరువు చుట్టూ తిరిగి, అవతలి గట్టు మీదుగా ఊళ్ళోకి వెళ్ళాలి. సగం దారి నడిచిందో లేదో, గాలి లేచింది. తామరాకులన్నీ ఒక్కసారిగా తిరగబడి తెల్లగా మెరిశాయి. గట్టు వారన నీళ్ళలో సన్నగా, వంకరటింకరగా ఏదో ఈదుకుంటూ గుడారం వైపే పోతోంది...

“పాము! మెహర్! పాము! బయటికి రావే తల్లీ!”

బురఖా ఎత్తిపట్టుకుని, జారుతూ పడుతూ పరిగెత్తుకొచ్చింది రబియా! అప్పుడే గూడు చేరబోతున్న పిట్ట కీచుమని అరుస్తూ చెరువు అవతలికి ఎగిరిపోయింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కాకి... గూటిమీద వాలి, ఒక గుడ్డు ముక్కున కరుచుకుని తాపీగా పోయింది.

మెహర్ బయటికి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది!

“అది నీరుకట్టె అమ్మీ. కప్పల్ని తింటుంది. నన్ను కాదు.”

“నాకేం తెలుసే... నీకేమైనా అయితే నేను...”

“నాకేం కాలేదు. ఆ గుడ్డుకే అయింది.” కెమెరాను మెల్లగా సంచిలో పెట్టుకుంది. “ఇంక వద్దులే. ఇది నావల్ల కాక కాదు, నీవల్ల కావడం లేదు. నిన్ను ఇంత ఏడిపించి నేనేం నేర్చుకోను? మామూకి ఫోన్ చెయ్యి. చేరతానని చెప్పు.”

ఏ తల్లయినా కోరుకునేది అదే కదా! రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెం రైలెక్కి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేస్తోంది మెహర్. నీళ్ళు లేవు, పాములు లేవు, పిడుగులు లేవు. రబియా చేసిన దువాలన్నీ ఫలించాయి! కానీ... ఇంట్లో మాటే లేదు. పిల్ల పెట్టింది తింటోంది. అడిగినదానికి జవాబిస్తోంది. కసురుకోవడం లేదు, అలగడం లేదు. అద్దాలపెట్టెలో ఉన్నప్పుడు కూడా ఆ పిల్ల చేతులు కాళ్ళు ఆడించేదే! ఇప్పుడు తన పక్కనే ఉండి, ఇంత దూరంగా ఎలా వెళ్ళిపోయిందీ!

ఒకరోజు జుబేర్ ఫోన్ చేశాడు. “పిల్ల పనిలో బంగారమే రబియా! ఒక్క తప్పుండదు. కానీ... నా మీద జోకులెయ్యడం మానేసిందే! ఉల్లిపాయలు కోసేవాళ్ళయినా ఇంతకంటే నయంగా ఉంటారు. ఎందుకొచ్చిన ఉద్యోగం చెప్పు?”

ఫోన్ పెట్టేసి రబియా గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మజీద్ పక్కన వచ్చి కూర్చున్నాడు.

“నువ్వనుకున్నట్టే అయిందిగా... ఏడుస్తావెందుకు?”

“దాన్ని కాపాడుకుంటున్నా అనుకున్నానండీ...” అంది రబియా. “నా భయాన్ని కాపాడుకున్నాను. దాని ప్రాణం తీసి నా ఒళ్ళో పెట్టుకున్నానండీ!”

ఆయన లేచి వెళ్ళి, చెరువు దగ్గరే ఉన్న గుడారం మీద వానకు కప్పడానికి ఇంకో పట్టా కుట్టడం మొదలుపెట్టాడు. ఆ కుట్టుమిషను చప్పుడు వింటూ రబియా కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి, తనంతట తాను పెద్దింటమ్మకు ఫోన్ చేసింది.

“పెద్దింటమ్మగారూ... ఆ పిట్ట... ఇంకా ఉందా అండీ?”

“ఎందుకుండదండీ? మూడిటిమీదా కూకునే ఉంది. ఒకటి పోయిందని మిగతాయి వదిలేత్తదేంటి! ఇయ్యాలో రేపో పిల్లలైపోతాయి. రమ్మనండి పాపని!”

తెల్లవారకముందే మెహర్ లేచి చూసేసరికి గుమ్మం దగ్గర కెమెరా సంచి ఉంది. బురఖా వేసుకుని తల్లి నిలబడి ఉంది.

“పద. నెలాఖరు ఇంకా దాటలేదు. నేను నడుస్తాను. గట్టు చివరిదాకా.”

“మళ్ళీ పరిగెత్తుకొస్తే, అమ్మీ?”

“వస్తే... నీ తల్లినని ఇంకెవరితోనూ చెప్పుకోను! పదవే!”

ఆ రోజు రబియా ఎలా నడిచిందో ఆ పైవాడికే తెలుసు! వెనక నీళ్ళలో ఏదో దభీమంది. కాళ్ళు ఆగిపోయాయి. మెడ తనంతట తానే పక్కకు తిరగబోయింది... “యా అల్లా! పెట్టెలో ఉన్నప్పుడు నీకే అప్పగించాను. ఇప్పుడూ నీకే...” కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ అడుగు వేసింది. ఇంకొకటి... ఇంకొకటి... గట్టు చివర పెద్దింటమ్మ చేతులు చాచి పట్టుకుంది.

పెద్దింటమ్మ ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, గంపెడు రొయ్యలు ముందు పోసింది. “ఒలవండమ్మా. చేతులకి పని లేకపోతే కాళ్ళు ఊరుకోవు.”

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన దంచింది. రబియా గుమ్మంలోకి పరిగెత్తింది.

“పిల్ల తడిసిపోతుందండీ!”

“తడిత్తే ఆరుద్దిలెండి.”

“చలికి జ్వరం వస్తే?”

“వత్తే పోద్ది. కూకోండి.”

కూర్చుంది! కన్నీళ్ళూ, వాన జల్లూ కలిసి చేతిలో రొయ్యలమీద పడుతుంటే, ఒక్కొక్కటే ఒలుస్తూ కూర్చుంది. ఎన్నోసార్లు లేచింది. అన్నిసార్లూ మళ్ళీ కూర్చుంది...

వాన వెలిసి, పొద్దు వాలుతుండగా గుమ్మంలో నిలబడింది మెహర్. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది. మోకాళ్ళదాకా బురద.

“అమ్మీ... నువ్వు రాలేదు!”

“రాలేదే తల్లీ... రాలేదు!”

ఒక్క ఉదుటున వచ్చి తల్లి మెడ కావలించుకుంది మెహర్. ఇద్దరూ వలవలా ఏడ్చారు. ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో పెద్దింటమ్మకు అంతుపట్టక, తానూ కొంగు కళ్ళకద్దుకుంది.

“మూడూ పిల్లలయ్యాయమ్మీ! వాన మొదలవగానే వాళ్ళ నాన్న మూడింటినీ రెక్కల కింద ఎత్తుకున్నాడు. కాళ్ళు మాత్రం కిందికి వేలాడుతున్నాయి... దానికే ఎనిమిది కాళ్ళున్నట్టు! అంతా తీశాను!”

నెల తిరగకముందే కబురు వచ్చింది. మెహర్‌కు సీటు ఇచ్చారు! జుబేర్ మిఠాయి పెట్టెతో దిగాడు. తన కొట్లో మళ్ళీ కంప్యూటర్ మనిషిని వెతుక్కోవాల్సొచ్చిందని నిష్ఠూరమాడుతూనే అందరి నోళ్ళూ తీపి చేశాడు. రబియా మాత్రం ఒక పక్క బట్టలు సర్దుతూనే, “అక్కడ ఏనుగులుంటాయటగా... రాత్రిళ్ళు తలుపులు వేసుకుంటారా?” అని అడిగినవాళ్ళనే మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. భయం ఎక్కడికి పోతుంది! ఉంది. కానీ సర్దే చేతులు మాత్రం ఆగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో టీవీలో పెట్టింది మెహర్, తాను పంపిన వీడియోను. మొదట తెర నిండా తామరాకులు. మధ్యలో ఖాళీ గూడు, మూడు గుడ్లు. ఆ వెనక, ఎక్కడో దూరంగా, గట్టుమీద ఒక చిన్న నల్లటి చుక్క కదిలిపోతోంది.

“అదేంటే? మరకా?” అంది రబియా.

“నువ్వే అమ్మీ.”

రబియా చేతిలోని బట్ట జారిపోయింది.

“కోసేద్దామనుకున్నాను. కోయలేకపోయాను. అక్కడి మేడం ఫోన్‌లో అడిగారు, ఆ గట్టుమీది మనిషెవరని. ఆవిడ వెళ్ళబట్టే ఈ పిట్ట గూటికి వచ్చిందండీ, ఆవిడ మా అమ్మ అని చెప్పాను.” మెహర్ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. “నువ్వు మధ్యలో ఆగావు చూడు... లోపల నేను ఊపిరి బిగబట్టుకుని ఏడ్చానమ్మీ. నువ్వు రాకుండా ఉండాలని కాదు. నీకెంత కష్టంగా ఉందో అక్కణ్ణుంచి కనబడింది.”

తెరమీద నల్లటి చుక్క గట్టు మధ్యలో ఆగింది. మజీద్ గ్లాసు కింద పెట్టాడు. జుబేర్ నమలడం ఆపాడు. రబియాకు అంతా తెలుసు... ఆనాడు ఆ గట్టుమీద ఏం జరిగిందో ఆమె కంటే ఎక్కువ తెలిసినవాళ్ళెవరు! అయినా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, తెరవైపే చూస్తూ,

“తిరగొద్దే... వెనక్కి తిరగొద్దు... నడువు!” అంది.

నల్లటి చుక్క కదిలింది. చిన్నదై, ఇంకా చిన్నదై, తామరాకుల వెనక కలిసిపోయింది. గట్టు ఖాళీ అయింది. అప్పుడు ఒక పక్కనుంచి, ఆకు మీంచి ఆకు మీదికి అడుగులేసుకుంటూ, పొడుగు తోక పిట్ట గూటికి వచ్చింది.